ఆనపబుర్రలో సామలు

మొలకకు పెట్టిన విత్తనాన్ని మాటిమాటికీ విప్పి చూడకూడదు. తడిగుడ్డలో మూటకట్టి ఒక మూల పెట్టి మన పని మనం చూసుకోవాలి. సైన్సు పీరియడులో పిల్లలకు ఈ మాట ఎన్నేళ్ళుగా చెబుతున్నానో. అయినా నాలుగు రోజులుగా నేను చేస్తున్నది అదే. పొయ్యి మీద పాలు పెట్టి మూట విప్పుతాను, పాలు పొంగిపోతాయి. బడికి బయలుదేరి చెప్పులేసుకున్నాక మళ్ళీ లోపలికొచ్చి విప్పుతాను. మా ఆయన మొదటి రోజు నవ్వాడు, రెండో రోజు విసుక్కున్నాడు, మూడో రోజు నుంచి మూట ఉన్న గదిలోకి రావడమే మానేశాడు. ఆయన్ని ఏమీ అనలేను. గుప్పెడు సామగింజల కోసం నేనెందుకు ఇంత కొట్టుకుంటున్నానో ఆయనకు చెప్పాలంటే, నా పదమూడో ఏట నేనన్న ఒక మాట దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఆ గింజలు తెచ్చింది మా తమ్ముడు లక్ష్మణు. గూడెం కొత్తవీధి దాటి కొండెక్కితే వచ్చే మా ఊళ్ళో పాత పెంకుటిల్లు విప్పేసి స్లాబు వేస్తున్నాడు. అటక దించుతుంటే పొగచూరి నల్లబడిన ఆనపకాయ బుర్ర ఒకటి దొరికింది. మట్టీ పేడా కలిపి మూతికి మెత్తిన మెత్తు చెక్కుచెదరలేదు. ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి. పారెయ్యడానికి చెయ్యి రాలేదని బస్సెక్కి నా దగ్గరికి పట్టుకొచ్చాడు. మూతి మీద మా నాయనమ్మ బొటనవేలి గుర్తు ఉంది. తడిమట్టి మీద నొక్కిన వేలు, గీతలతో సహా అలాగే ఉంది. లక్ష్మణు రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. చిరుధాన్యాలు వెయ్యండని మా ఊళ్ళ మీద తిరుగుతున్న కుర్ర అధికారి ఒకాయన, పాతకాలం సామ విత్తనం ఎవరి దగ్గరైనా మిగిలిందా అని ఇల్లిల్లూ అడుగుతున్నాడట. మొలకొచ్చేదైతే తీసుకుంటాడట, శనివారం మళ్ళీ వస్తాడట. సామలు మానెయ్యండని చెప్పడానికి వచ్చిన జీపు నాకు బాగా గుర్తుంది. ఇప్పుడు సామలు ఎక్కడున్నాయని వెతుక్కుంటూ ఇంకో జీపు వస్తోంది. నవ్వుకోవలసిన సంగతే గాని నాకు నవ్వు రాలేదు. గుప్పెడు గింజలు తీసి ఆ పూటే తడిగుడ్డలో కట్టాను.

మా ఇంట్లో తెల్లవారడమంటే ముందు పొగ. నాయనమ్మ పేరు కొండమ్మ. అందరికన్నా ముందు లేచి, బూడిద కప్పి ఉంచిన నిప్పును ఊది లేపేది. కుండలో పులిసిన చోడి, అంటే రాగి, అంబలి వాసన, తడికట్టెల పొగ, దూలానికి వేలాడే విత్తనాల బుర్రల మసి వాసన, ఈ మూడూ కలిసి ఎక్కడైనా తగిలితే నాకు ఇప్పటికీ ఆకలేస్తుంది. బుర్రలు సరిగ్గా పొయ్యికి పైనే ఉండాలి. పొగ తగులుతుంటే పురుగు చేరదు. సామలది పెద్ద బుర్ర, చోళ్ళది చిన్నది. కందులూ చిక్కుళ్ళూ బూడిద కలిపి కుండల్లో పోసేది. వాటి మీద చెయ్యి వేసే హక్కు ఆమెకు తప్ప ఎవరికీ లేదు, మా నాన్న కూడా అడిగి తీసుకోవలసిందే. విత్తనం దాచుకునేది కాదు, తిప్పుకునేది అని ఆమె అనేది. బుర్రలోది చేలోకి పోవాలి, చేలోది బుర్రలోకి రావాలి. కొన్నేళ్ళు తిరగకుండా కూర్చుంటే అది విత్తనం కాదట, వట్టి గింజట.

ఇంటి వెనక కొండవాలు మా పోడు. ఎండల్లో తుప్పలు కొట్టి కాల్చి, మొదటి వాన పడగానే సామా చోడీ కందీ జొన్నా కలిపి చల్లేవాళ్ళం. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని అలా చల్లడం. నాయనమ్మ పని ఉన్నా లేకపోయినా రోజుకోసారి నేల తవ్వే బొరిగ భుజాన వేసుకుని వాలంతా తిరిగొచ్చేది. ఎందుకు వెళ్ళావంటే చూసొద్దామని అనేది. ఆ వాలు మీద పండినది ఏదైనా సరే, కొత్త చెయ్యకుండా నోట్లో పెట్టకూడదు. కొత్త అంటే మా కొండల్లో పండగ. సామలకొక కొత్త, చిక్కుళ్ళకొక కొత్త, మామిడికాయకొక కొత్త. ఊరి పూజారి రోజు చెప్పాలి, మొదటి గింజ కొండదేవతకు పెట్టాలి, ఊరంతా కలిసి వండుకుని తినాలి. ఆ తరవాతే ఎవరిళ్ళలో వాళ్ళు తినడం. చిన్నప్పుడు ఒకసారి కొత్త కాకముందే మామిడిపిందె కొరికాను. నాయనమ్మ కొట్టలేదు, తిట్టలేదు. నోరు పుక్కిలించమని నీళ్ళిచ్చి సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. అంతకన్నా కొట్టినా బాగుండేది.

నన్ను ఆశ్రమ పాఠశాలలో వేశారు. అక్కడ తెలుగు పుస్తకంలోనూ సైన్సు పుస్తకంలోనూ ఒకటే మాట, పోడు వల్ల అడవులు పోతాయి, వానలు పోతాయి, పోడు చెయ్యడం అజ్ఞానం అని. పోడు వ్యవసాయం వల్ల నష్టాలు అని వ్యాసం పోటీ పెట్టారు. పోడు అన్నం తిని పెరిగిన చేత్తో నాలుగు పేజీలు రాశాను. మొదటి బహుమతి స్టీలు గ్లాసు. సెలవులకు ఇంటికొచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని, నాయనమ్మకు ఆ వ్యాసం మొత్తం చదివి వినిపించాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, నాకు ఆ రోజు ఆమె అంత లోకువైంది. ఆమె కందులు చెరుగుతూ చివరిదాకా విని, చాట పక్కన పెట్టింది.

"బాగానే రాసినావు గుంటా. మరి ఈ అజ్ఞానమే నేకపోతే నువ్వు ఏటి తిని ఇంత పెరిగినావు?"

గ్లాసు మీద పేరు చెక్కించుకోవాలని ఆలోచిస్తున్నాను.

జీపు వచ్చింది ఆ సెలవుల్లోనే. పనసచెట్టు కింద మీటింగు పెట్టారు. వాలు మీద ముందు సిల్వర్ ఓక్ మొక్కలు, వాటి నీడన కాఫీ. గోతులు తవ్వితే కూలీ ఇస్తారు, మొక్కలు ఉచితం, తిండికి డిపోలో చౌక బియ్యం. నాలుగైదేళ్ళకు కాఫీ కాపుకొస్తే ఇక చేతినిండా డబ్బు. వచ్చినాయన దుర్మార్గుడేమీ కాదు. చెమటలు కక్కుతూ కొండెక్కాడు, మా అంబలి తాగాడు, నమ్మినదే చెప్పాడు. చిక్కంతా ఒకటే, వాలు మొత్తం ఒకే తోటగా ఉండాలి, మధ్యలో ఒకరు పోడు చేస్తే కుదరదు. ఊరందరూ ఒప్పుకున్నారు. నడిమధ్య చెక్క మాది, నాయనమ్మ ఒప్పుకోలేదు. మూడు రోజులు ఊరు మా గుమ్మం ముందు తిరిగింది. నాన్నకు తల్లికి ఎదురుచెప్పే ధైర్యం లేదు. నువ్వు చదువుకున్నావు, నీ మాటైతే వింటుంది, నువ్వు చెప్పమని నన్ను ముందుకు తోశాడు.

నాకు భలే గర్వంగా అనిపించింది. నాయనమ్మ వాలు మీద ఉంటే అక్కడికే వెళ్ళాను. సామ కోతకొచ్చి ఉంది. అడవి సంగతీ వానల సంగతీ పుస్తకంలో ఉన్నదంతా చెప్పాను. కాఫీ అమ్మి బియ్యం కొనుక్కోవచ్చు, నీకింత చాకిరీ ఉండదు అన్నాను. ఆమె అడవి గురించి ఏమీ అడగలేదు. ఒకటే అడిగింది.

"సామలు నేను వొండుకు తింతాను. ఆ కాపీ పళ్ళు వొండుకు తినలేను, అమ్మాల. వోటి రేటు ఎవుడు సెప్తాడు?"

"గవర్నమెంటు సెప్తాది నాన్నమ్మా," అన్నాను.

"ఆల్లు సెప్పకపోతే?"

"ఎందుకు సెప్పరు? ఆల్లే కదా ఎయ్యమంతన్నారు."

పదమూడేళ్ళ పిల్లను, గవర్నమెంటు గురించి నాకేం తెలుసని? మా బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేదే నాకు గవర్నమెంటు. నాకు తెలియదని మాత్రం నాకు తోచలేదు. ఆ సాయంత్రం నాయనమ్మ పనసచెట్టు కిందికి వచ్చి, గుంట సదువుకుంది, నాకేటి తెలుసు అని, కాగితం మీద బొటనవేలు నొక్కింది. ఇంకు తుడుచుకోవడానికి నేనే గుడ్డ ఇచ్చాను.

మొదటి రెండేళ్ళు బాగానే గడిచాయి, ఆ మాట దాచను. కూలీ వచ్చింది, మా ఇంట్లోకి రేడియో వచ్చింది, నా కాళ్ళకు చెప్పులు వచ్చాయి. ఓకు చెట్లు ఎదిగి నీడ చిక్కనయ్యాక ఆ కింద సామ మొలవలేదు. తోట పని చూసే మేస్త్రి ఒకడు ఉండేవాడు. మొక్కల మధ్య నాయనమ్మ దొంగతనంగా చల్లిన చోళ్ళను పీకించేశాడు. డిపో బియ్యం తెల్లగా మల్లెపువ్వుల్లా ఉండేవి. నాయనమ్మ రెండుసార్లు పెట్టించుకు తిని, కడుపు నిండినట్టే ఉంటాది గాని ఆకలి పోదు అనేది. పని లేకపోయినా వాలు మీద తిరగడం మాత్రం మానలేదు. ఏ మొక్క దగ్గరా ఆగేది కాదు, ఏదో పోగొట్టుకున్న మనిషిలా తిరిగేది. పెరట్లో మంచమంత జాగాలో ఏడాదికోసారి సామలు చల్లి, వచ్చినవి వచ్చినట్టు బుర్రలో పోసేది. వండేటన్ని కాదు, విత్తనం తిరగడానికి.

నేను ఇంటర్ చదువుతుండగా కాఫీ కాపుకొచ్చింది. అక్కడ మా ఊరు చేసిన పని ప్రపంచంలో ఇంకే కాఫీ తోటలోనూ ఎవరూ చేసి ఉండరు. పళ్ళు ఎర్రబడగానే కొయ్యమని మేస్త్రి చెప్పాడు. కొత్త కాకుండా ఎలా కోస్తామని ఊరు అడిగింది. కాఫీకి కొత్త ఎప్పుడు చెయ్యాలో పూజారికే తెలీదు. ఏ దేవతకు పెట్టాలో తెలీదు. పెద్దలు కూర్చున్నారు, లేచారు, మళ్ళీ కూర్చున్నారు. తినే పంట కాదు కదా, కొత్త ఎందుకని కుర్రవాళ్ళు అన్నారు. నేల ఇచ్చిన మొదటి కాపు, పెట్టకుండా కొయ్యడానికి చెయ్యెలా వస్తుందని నాయనమ్మ అంది. చివరికి పూజారి పుష్య పున్నమి అన్నాడు. ఆలోపు పళ్ళు మిగలపండాయి, నల్లబడ్డాయి, రాలాయి. పిట్టలకు కొత్త లేదు గనక అవి తిన్నాయి. మేస్త్రి చెట్టు చెట్టుకీ తిరిగి నెత్తి బాదుకున్నాడు. సెలవులకు వచ్చిన నేను, చదువుకున్నదాన్ని, ఈ మూఢత్వమేమిటని నాయనమ్మతో గొడవపడ్డాను.

పున్నమినాడు కోడిని కోసి, దోసెడు పళ్ళు రాయి ముందు పోశారు. ఇక తినాలి. ఎలా తినాలో ఎవరికీ తెలీదు. వేయించి పొడి చెయ్యాలని నాకు తెలుసు గాని, కోపంతో చెప్పలేదు. ఆడవాళ్ళు చిక్కుడుగింజలు ఉడకేసినట్టు ఉప్పేసి ఉడకేశారు. పొద్దు నడినెత్తికొచ్చినా గింజ మెత్తబడలేదు. పిల్లలు ఉమ్మేశారు, పెద్దలు మొహాలు చూసుకున్నారు, పూజారికి నవ్వాగలేదు. ఆ నవ్వు ఊరంతా పాకింది. నాయనమ్మ మాత్రం నవ్వకుండా ఒక గింజను చాలాసేపు నమిలి, మింగి, కొత్త అయిపోయింది, రేపట్నుంచి కొయ్యండి అంది.

మిగిలింది కోసి ఎండబెట్టి సంతకు మోశాము. షావుకారు మూట విప్పనైనా విప్పలేదు. ఎక్కడో సముద్రం అవతలి దేశాల్లో కాఫీ విపరీతంగా పండిందట, ధర పడిపోయిందట. ఇదివరకు పండించినవాడి సరుకంతా సర్కారే పోగుచేసి అమ్మిపెట్టేదట, ఇప్పుడు ఎవరిది వాళ్ళు ఎవరికైనా అమ్ముకోవచ్చని స్వేచ్ఛ ఇచ్చారట. ఆ స్వేచ్ఛ అంటే ఏమిటో మాకు సంత మధ్యలో తెలిసింది. మా పక్కనే గెడ్డవాగుకు అవతలి చర్చి ఊరివాళ్ళు కూర్చున్నారు. వాళ్ళకు కొత్తలూ పున్నములూ లేవు. పండు ఎర్రబడిన వారమే కోసి, శుభ్రంగా ఎండబెట్టి తెచ్చారు. షావుకారు వాళ్ళకూ అదే ధర చెప్పాడు. సాయంత్రం రెండు ఊళ్ళవాళ్ళమూ ఒకే బాటన, పలకరింపులు లేకుండా కొండెక్కాము. ఆ ఏడు మా ఇంట్లో సామలు లేవు, బియ్యం కొనడానికి కాఫీ డబ్బూ లేదు. నాన్న నర్సీపట్నం వైపు కూలికి వెళ్ళాడు.

తరవాత జరిగినది ఇప్పటికీ నన్ను కూర్చోనివ్వదు. కాపు ఎందుకు తగ్గిందో పైఆఫీసుకు ఊరి తరపున కాగితం కావాలని మేస్త్రి వచ్చాడు. చక్కని దస్తూరి నాది, నన్నే రాయమన్నారు. అతను చెప్పాడు, నేను రాశాను. పండగ కారణంగా కోత ఆలస్యమై పంట నష్టపోయినది. రాసింది అబద్ధం కాదు. కోత ఆలస్యమైన మాటా నిజమే, పళ్ళు రాలిన మాటా నిజమే. వరసగా అందరూ వేలు నొక్కారు. నాయనమ్మ వంతు వచ్చింది.

"రేటు సంగతి రాసినావా?" అంది.

"అది అడగలేదు నాన్నమ్మా."

ఆమె వేలు నొక్కింది. ఈసారి గుడ్డ అడగలేదు, చీరకు తుడుచుకుంది. మామిడిపిందె కొరికిన రోజులాగే సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. మరునాడు నేను కాలేజీకి వెళ్ళిపోయాను.

నేను టీచర్ ట్రైనింగులో ఉండగా ఆమె పోయింది. చివరి ఏడు పెరట్లో చల్లడానికి ఓపిక లేక, ఉన్న సామలు బుర్రలో పోసి మూతి మెత్తించిందని అమ్మ చెప్పింది. ఎవరికోసమో చెప్పలేదట. ఇక్కడ ఆగి, కాఫీ మమ్మల్ని ముంచిందని రాసేస్తే నాకు హాయిగా ఉండేది. అలా రాయడానికి లేదు. నాయనమ్మ పోయిన కొన్నేళ్ళకు ధర లేచింది. మా కొండల కాఫీకి పట్నాల్లో పేరొచ్చింది. లక్ష్మణు వేస్తున్న స్లాబు కాఫీ డబ్బే, వాడి కూతురు నర్సింగు చదువుతున్నది కాఫీ డబ్బుతోనే. ఆ రోజు ఊరు ఒప్పుకోకపోతే ఇవేవీ లేవు. మరి ఆ మధ్య ఏళ్ళు ఎవరి ఖాతాలో వెయ్యాలి? నాన్న కూలిబతుకు, నాయనమ్మ తీరని ఆకలి, సముద్రం అవతల ఎవరో ఎక్కువ పండించినందుకు మా కొండ మీద ఆరిన పొయ్యి? ఎక్కడో గదిలో కూర్చుని ఒకరు పెట్టిన సంతకంతో మేము లేచాము, ఇంకొక సంతకంతో పడ్డాము, మళ్ళీ లేచాము. ఒక్కసారైనా మమ్మల్ని అడిగి చేసినది కాదు. ఆ సంతకాల కింద వేలిముద్రలు మాత్రం మావి. ఎన్ని విధాల ఆలోచించినా నాకు ఒక ఒడ్డు దొరకదు. లేచి వెళ్ళి మూట విప్పుతాను.

ఏడో రోజుకు కూడా ఒక్క గింజ చిట్లలేదు. బూజు పట్టింది. నాయనమ్మ చెప్పినట్టే అది వట్టి గింజ అయిపోయింది. శనివారం బుర్ర తీసుకుని ఊరెళ్ళాను. కొత్త ఇల్లంతా సిమెంటు వాసన. బుర్రను ఎక్కడ వేలాడదియ్యాలో మరదలికి తెలీలేదు. వంటింట్లో గ్యాసు పొయ్యి, పొగ లేదు.

కుర్ర అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు, నన్ను మేడం అన్నాడు. గింజలు అరచేతిలో పోసుకుని చూసి, అయ్యో అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. తరవాత సంచిలోంచి ప్యాకెట్టు తీసి లక్ష్మణు చేతిలో పెట్టాడు. ఇదీ సామే, కొత్త రకం, ఇంకా బాగా పండుతుంది, సన్నబియ్యంకన్నా సామలకే ఇప్పుడు గిరాకీ, మీరు వెయ్యండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడు.

"రేటు ఎవరు చెప్తారు బాబూ?" అని అడిగాను.

"ప్రభుత్వమే చెప్తుంది మేడం," అన్నాడు, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. ఆ మొహంలో మోసం ఏమీ లేదు. స్టీలు గ్లాసు గెలిచిన ఏడు నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది.

అతను వెళ్ళాక ఇద్దరం ఇంటి వెనక వాలు మీదికి నడిచాము, లక్ష్మణు ప్యాకెట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. పైవాలు మీద కాఫీ ముదిరిపోయిందట, కాపు తగ్గిందట.

"అప్పా, నువ్వు సదువుకున్నదానివి. నువ్వెలాగంటే అలాగే. తీసేసి ఇవి ఎయ్యమంటావా?"

వాడు అడిగిన చోటు అదే, కోతకొచ్చిన సామలో నిలబడి నాయనమ్మ నన్ను రేటు అడిగిన చోటు. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. పుస్తకాల్లోది, పేపర్లలోది, పిల్లలకు రోజూ చెప్పేది. నోటిదాకా వచ్చింది కూడా.

"నాకు తెలీదు తమ్ముడూ," అన్నాను.

పదమూడేళ్ళప్పుడు నాయనమ్మతో అనవలసిన మాట అది.